పల్టూదా అసలు పేరు

హలో… ఆ, నేనే, బేలాదీని. లాహిరీల ఇంటి నుంచి.

…లేదు, కేబుల్ పోలేదు. మీ కేబుల్ ఎప్పుడుంది గనక పోవడానికి! హాబుల్ ఉన్నాడా?

…నువ్వేనా? గొంతు అలా ఉందేంటి? … ఓహో, నవాబు గొంతా. నవమి రాత్రి నాటకానికి ఇప్పట్నుంచే. ఒక్కడివేనా, అద్దం ముందు? … బాగుంది. కాసేపు సింహాసనం దిగు, నీతో పనుంది.

…బాకీ సంగతే. మన మధ్య ఇంకేం సంగతులున్నాయి?

…ఆగాగు, పుస్తకం తియ్యకు. కట్టడానికి కాదు.

…ఆదివారం నా తోడబుట్టిన దాదా, మీ అందరి పల్టూదా, చేపలకని వెళ్లాడు. పూజ పందిరి దగ్గర క్లబ్బు బోర్డు చూశాడు. ఖాళీ సంచితో తిరిగొచ్చాడు… చేపలు దొరక్క కాదు! పరిహాసాలు తర్వాత. 'ఇంటర్నెట్ బాకీదారులు' అని పైన, 'పల్టూదా, లాహిరీల ఇల్లు' అని కింద. దాని కింద ఇంకోటి, 'బాకీ ఉన్నవారికి నాటకంలో చోటు లేదు.' … అవును, ఎర్రసిరాతో. అమ్మవారి పూజకి ఎర్రసిరా శుభమనా?

…రూలా? ఎవరి రూలు? నెట్ వ్యాపారం నీది. బోర్డు క్లబ్బుది. రెండింటికీ పెత్తనం నీదే అయినంత మాత్రాన నీ జేబూ దుర్గమ్మ చందాడబ్బా ఒకటైపోతాయా?

…అరవట్లేదు. నేను అరిస్తే ఫోను అక్కర్లేదు, మీ మేడ మీదికి నేరుగా వినిపిస్తుంది. బతుకంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చున్నదాన్ని, ఎవరితో ఎంత గొంతు చాలో నాకు తెలుసు.

…నెట్ ఎప్పుడు మానేశామో నీకు గుర్తు లేదా? వానలు మొదలవకముందు. … ఎందుకా? చినుకు పడితే పోయేది. గాలి వీస్తే పోయేది. అడిగితే మీ మనిషి వచ్చి 'పైనుంచే సమస్య' అని ఆకాశం చూపించేవాడు, నీ కంపెనీని దేవుడే నడుపుతున్నట్టు.

…ఏంటీ, మానేశాక కూడా వాడామా? హాబుల్, ఆ తీగ తీసుకెళ్లండిరా అని ఎంత మొత్తుకున్నా ఒక్కడు రాలేదు. చేపలు కోసే కత్తిపీటతో నేనే కోశాను. వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకి కట్టాను. దాదా పంచెలు దాని మీదే ఆరేస్తున్నాను. … అదే వాడకమంటే సరే, బిల్లు వెయ్యి. నిజం చెప్పాలంటే ఇంత గట్టిగా అది ఎప్పుడూ పనిచెయ్యలేదు.

…ఆ, కాగితం. వస్తున్నా అక్కడికే. 'కనెక్షన్ తీసేయమన్న కాగితం ఉంటే చూపించు పల్టూదా' అన్నావట, నలుగురిలో. చూపించలేడని తెలిసే అన్నావు.

…తెలీదా! ఆయనే కదా నీకు చెప్పుకున్నాడు, కంప్యూటర్లో పెట్టాను, పొరబాటున చెరిపేశాను అని. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. చెప్పకూడనిదంతా చెప్పాకగానీ ఇంటికి రాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

…నవ్వు, నవ్వు. నేనూ నవ్వాను మొదట. మా దాదా పద్ధతే అది. ఏ కాగితం వచ్చినా ఫోటో తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు, అసలుది పాతపేపర్లవాడికి తూకానికి వేస్తాడు. ఏమంటే, 'కంప్యూటర్లో ఉందిగా బేలా' అంటాడు. తర్వాత చోటు చాల్లేదని కంప్యూటర్లో ఉన్నదీ ఊడ్చేశాడు. అందులో చెత్తబుట్ట ఒకటుంటుంది చూడు, అదీ ఖాళీ చేశాడు. చెత్త ఇంట్లో ఉంచుకుని పడుకోకూడదట!

…చోటు ఎందుకా? నీ కోసమే నాయనా. నీ నవాబు నాటకం కోసం. ఆయనకి చూపు ఆనట్లేదు. నీ మాటలన్నీ పెద్దక్షరాల్లో మళ్లీ కొట్టుకుని, అచ్చు తీసుకుని, తెరచాటున కూర్చుని నీకు అందించాలని. నీ మాటలకి చోటు చెయ్యబోయి తన సాక్ష్యం తనే చెరుపుకున్నాడు. ఇప్పుడు నవ్వు, చూద్దాం.

…పోయినవి మళ్లీ రావని ఎవరు చెప్పారు? నెట్ అమ్ముకు తింటున్నావు, ఆ మాత్రం తెలీదా? చెరిపితే పేరు తుడుచుకుపోతుంది అంతే. సరుకు లోపలే పడి ఉంటుంది. దాని మీద ఇంకోటి రాయకుండా ఉంటే చాలు. అందుకే ఆదివారమే ప్లగ్గు పీకేశాను. మళ్లీ దాదాని ఆ గదిలో అడుగు పెట్టనిస్తే ఒట్టు.

…చాందనీ బజారుకి, కంప్యూటర్లు బాగుచేసేవాడి దగ్గరికి. రిక్షాలో, ఒళ్లో పెట్టుకుని, పాతచీర కప్పి. ఆ, మొన్నటి వానలోనే. పూజ బట్టలు కొనే జనమంతా నన్ను చూసి నవ్వారు, అత్తారింటికి ఎవరిని తీసుకెళ్తున్నావు పిన్నీ అని.

…తీసిచ్చాడు. ఒకటే చిక్కు. ఫైళ్లు వచ్చాయిగానీ పేర్లు రాలేదు. అన్నిటికీ అంకెలే. ఏది ఏదో ఆ బ్రహ్మకే తెలియాలి. ఒక్కోటీ తెరుచుకుంటూ కూర్చున్నా. దాదా పన్ను ఎక్స్‌రే వచ్చింది. పులసకి ఆవ పెట్టే పద్ధతి వచ్చింది, అమ్మ చేతిరాతది. పోయినేడు నాటకంలో నీ ఫోటో కూడా వచ్చింది. చేతిలో కత్తి, మొహంలో రౌద్రం, చెవి మాత్రం తెరవైపు రిక్కించి ఉంది, తర్వాత మాటేంటో అని. … చెరపలేదు. ఎందుకు చెరుపుతా? అలాంటివి దాచుకోవాలి.

…తర్వాత నీ ఉత్తరం వచ్చింది.

…హలో? … నీ ఉత్తరమే. నీ ఆఫీసు ముద్ర, నీ సంతకం. చదవనా? … నీళ్లు తాగిరా, ఆగుతాను.

…తాగావా? విను. 'శ్రీ అనాదినాథ్ లాహిరీ గారికి. కనెక్షన్ తీసేయమని మీరు రాసిన ఉత్తరం అందింది. మీ పేరున మా దగ్గర కనెక్షనేదీ లేదు. మీరు మాకు చెల్లించవలసిందేమీ లేదు. ఇట్లు, సుశోభన్ సాధుఖాన్.' ఆ చివరి పేరు నీదే, గుర్తుపట్టావా?

…ఏంటా నవ్వు? … ఊఁ… ఊఁ… మళ్లీ చెప్పు. నిదానంగా చెప్పు, నాకు వినపడాలి.

…'ఆ అనాదినాథ్ ఎవరో నాకు తెలీదు బేలాదీ, మా లెక్కలో ఉన్నది పల్టూదా.' అంతేనా నువ్వన్నది? … బాగా ఆలోచించుకునే అన్నావా?

…హాబుల్. మా ఇంట్లో మగవాళ్లు ఎంతమందిరా?

…ఒక్కడే కదా.

…ఆ. మెల్లగా ఎక్కుతోంది. ఎక్కనీ.

…పల్టూ అని మా అమ్మ ముద్దుగా పిలుచుకుంది. పేటంతా అదే పట్టుకుంది. బడిలో, పెన్షన్ కాగితం మీద, ఓటరు కార్డు మీద ఆయన అనాదినాథ్ లాహిరీ. … 'ఎవరూ చెప్పలేదు' ఏంటి, నువ్వు అడిగావా ఎప్పుడైనా? కనెక్షన్ ఇచ్చిన రోజున పేరు అడక్కుండానే 'పల్టూదా' అని రాసుకున్నావు. ఆయన పద్ధతిగల మనిషి, వద్దని రాసేటప్పుడు అసలు పేరు రాశాడు. మీ ఆఫీసు వాళ్లు వెతికారు, అలాంటివాడు లేడన్నారు. ఆ జవాబు చూసి మా వెర్రి దాదా ఎంత మురిసిపోయాడో తెలుసా? 'చూశావా బేలా, హాబుల్ ఎంత చురుకైనవాడో! అప్పుడే లెక్కలోంచి నా పేరు కూడా తీసేశాడు' అని.

…నీ పేరు విషయంలో మాత్రం ఆ అశ్రద్ధ లేదే! బోర్డు మీద 'కార్యదర్శి హాబుల్' అని రాసుకున్నావా? 'శ్రీ సుశోభన్ సాధుఖాన్' అని ఈ చివర నుంచి ఆ చివరికి రాయించుకున్నావు. ఆ పేరు చెప్పి అడిగితే మీ ఆవిడే 'ఎవరు?' అంటుంది.

…కుదరదు. ఏదో ఒకటి తేల్చు. పల్టూదా, అనాదినాథ్ ఒకరేనా? అయితే తీసేయమన్న ఉత్తరం అందిందని నువ్వే రాశావు, బాకీ లేదనీ నువ్వే రాశావు. కాదు, వేరువేరంటావా? అయితే పల్టూదా అనేవాణ్ణి ఎక్కడున్నాడో వెతుక్కో. ఏ కార్డు మీదా లేడు. వాడి మీద కేసు వేసి కోర్టులో పేరు పెట్టి పిలిపించు. జడ్జిగారికీ కాస్త కాలక్షేపం.

…మాఫీ చేస్తావా! ఎంత దయ! లేని బాకీని మాఫీ చేసే కర్ణుణ్ణి నిన్నే చూశాను.

…డబ్బు కాదు హాబుల్. విను. నోరు మూసుకుని విను కాసేపు. ఆదివారం నుంచి ఆయన ఆ నాటకం ప్రతి ముందేసుకుని కూర్చుంటున్నాడు. పెదాలు కదుపుతాడు, గొంతు రాదు. అన్నం కలుపుతాడు, తినడు. నాకు ఏడుపొచ్చింది. ఏడాదంతా ఆయన్ని ఎవరూ ఒక మాట అడగరు. నవమి రాత్రి ఒక్కటే, తెరచాటున బల్ల మీద, టార్చి వెలుగులో, స్టేజీ అంతా ఆయన నోటి మీద నడుస్తుంది. ఆ ఒక్క రాత్రీ లాగేసుకున్నావు.

…రూలుకీ దీనికీ సంబంధం లేదులే. అసలు మంట ఎక్కడో నాకు తెలుసు. పోయినేడు నువ్వు మాట మర్చిపోయి నిలబడ్డప్పుడల్లా ఆయన గొంతు పెంచాల్సొచ్చింది. ముందు వరసవాళ్లంతా విన్నారు. మర్నాడు మిఠాయిలు పంచేటప్పుడు 'నవాబు వేషం పల్టూదా బాగా వేశాడు' అని పిల్లలు కూడా అన్నారు. అక్కడ కాలింది నీకు. బాకీ ఒక వంక.

…ఏంటి? … చెవిలో పెట్టుకునే మిషనా? ఎక్కడో కూర్చుని మీ బావమరిది అందిస్తాడా? … నెట్ మీదా. ఎవరి నెట్? … మీ నెట్ మీదే?

…ఇంకేం. నవమి నాడు ఒక్క చినుకు పడనీ హాబుల్. నేను మరమరాలు పొట్లం కట్టుకుని ముందు వరసలోనే కూర్చుంటా.

…ఆ. ఇప్పుడు దారికొచ్చావు. బోర్డు మీది కాగితం నీ చేత్తో నువ్వే చింపాలి. సాయంత్రం రిహార్సల్లో అందరి ముందూ చెప్పాలి. కరపత్రం అచ్చుకెళ్లిందా? … ఇంకా వెళ్లలేదా, నీ అదృష్టం. 'ప్రాంప్టింగ్: శ్రీ అనాదినాథ్ లాహిరీ' అని వెయ్యాలి. పల్టూదా అని కాదు. ఇన్నేళ్లు వేసింది చాలు.

…ఏం చెప్పాలో తెలీదా? తప్పు చెయ్యడం ఒక్కటే సొంతంగా వచ్చా నీకు? సరే, నా వెంట అను. … ఇప్పుడే. నవాబు గొంతు వద్దు, హాబుల్ గొంతు చాలు.

'మా ఆఫీసు తప్పు వల్ల'… ఊఁ. తప్పు. ఆ మాట మింగకు… ఆ. 'శ్రీ అనాదినాథ్ లాహిరీ గారి పేరు బోర్డు మీదికెక్కింది'… ఊఁ… 'ఆయన మాకు బాకీ లేరు. నన్ను క్షమించాలి'… 'మమ్మల్ని' కాదు, 'నన్ను.' … అంతే, ఏం పెద్ద మాటలని? ఇప్పుడు నువ్వొక్కడివే మొత్తం అను.

…ఊఁ… ఊఁ… 'వల్ల శ్రీ'… శ్రీ?

…శ్రీ ఎవరు?

…హలో? … లైన్లోనే ఉన్నావు, ఊపిరి వినిపిస్తోంది.

…ఇందాకే కదరా చెప్పాను! … నేను చెప్పను. చచ్చినా చెప్పను. అలాగే నిలబడు, పోయినేడు నిలబడ్డట్టు. నాకేం తొందర లేదు, ఎంతసేపైనా…

దాదా! నువ్వెప్పుడొచ్చావిక్కడికి? … వెళ్లి పడుకో. … వద్దు. వద్దంటున్నానా, నువ్వు అందించకు, వాడి ఖర్మకి వాణ్ణి వదిలెయ్—

…

…విన్నావా, హాబుల్?

…ఎవరి గొంతో తెలిసిందా? … ఆ. తన పేరు తనే అందించాడు నీకు. బోర్డుకెక్కించినవాడివైనా సరే, నువ్వు మాట దొరక్క నిలబడితే ఆయన చూడలేడు.

…అను మరి. … ఊఁ. … ఊఁ. … గట్టిగా. వెనక వరసకి వినపడాలి. … ఆ. చాలు. ఏడవకు, నవాబు గడ్డం అంటుకోదు.

…ఆరింటికా? వస్తాడు. టార్చికి కొత్త బ్యాటరీలు నువ్వే తెచ్చిపెట్టు. … సరే, ఉంటాను.

పెట్టేశాను. ఇంక ఆ పరదా వెనక నుంచి బయటికి రా, దాదా.