సెలవివ్వని ఆఫీసు

కాలేజీ అడ్మిషన్ల ఆఫీసు ఆయన్ని భార్య కడసారి చూపుకు నోచుకోనివ్వలేదు. ఇరవై ఏళ్లుగా ఆయన పట్టుకు కూర్చున్న మాట అది. ఇప్పుడు కూతురు అదే ఆఫీసులో ఉద్యోగం వచ్చిందని ఆర్డరు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"చించెయ్. రిటైరయ్యేదాకా అక్కడే పడుంటావు, నాలాగే."

"ఉంటాను. మీరు నేర్పిన పనేగా నాన్నా."

"మీ అమ్మ పోయిన రోజు సెలవివ్వని కొంప అది!"

"ఇచ్చారట. మీ పాత ఆఫీసరే చెప్పారు. తన కారు కూడా తీసుకెళ్లమన్నారట."

"ఆ ముసలాడు ఇన్నాళ్లకు నోరు విప్పాడా? ఆ రోజు ఆఖరి తేదీ. బయట నలభై మంది పిల్లలు. నేను సర్టిఫికెట్లు చూడకపోతే వాళ్ల సీట్లు పోయేవి."

"అందరివీ చూశారా?"

"ఒక్క సీటూ పోలేదు."

"మరి ఈ కోపం ఎవరి మీద నాన్నా?"

ఆయన ఆర్డరు మడిచి ఆమె చేతిలో కుక్కాడు.

"పో, చేరు. ఈ మాట మాత్రం నా దగ్గర మళ్లీ ఎత్తకు. చచ్చేదాకా నేనూ ఎత్తను."