‘వద్దు’ అనగలిగిన అధికారిణి: గ్రూప్ కెప్టెన్ సంయుక్త

1994వ సంవత్సరం జూలై పదకొండవ తేదీన, సోమవారం నాడు, సంయుక్త గారు వాయుసేన శిక్షణ కేంద్రంలో చేరారు. నారాయణగూడ కళాశాలలో భౌతికశాస్త్రం అభ్యసించి, చిక్కడపల్లి గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు సిద్ధమైన ఆమెకు లభించినది వాతావరణ విభాగం. అశోక్‌నగర్ ఇంట్లో తల్లి యశోదమ్మ గారు, “వానొస్తదా రాదా చెప్పనీకి గంత పెద్ద కొలువా బిడ్డా?” అని అడిగారు.

“ఆ మాట నమ్ముకొనే మనుషులు విమానం ఎక్కుతరమ్మా” అన్నారామె.

పశ్చిమాన ఎడారి స్థావరంలో ధూళి తుఫానులను, తూర్పు తీరాన వాయుగుండాలను అధ్యయనం చేసి, స్క్వాడ్రన్ లీడర్ హోదాలో 2004 నాటికి ఈశాన్యంలోని ఒక స్థావరానికి చేరారు. ఆ వర్షాకాలంలో నదికి వరద వచ్చి, ఒక లోయ గ్రామంలో ముప్పై నలుగురు బడి కప్పు మీద చిక్కుకున్నారు. లోయను మేఘాలు మూసివేస్తాయని, హెలికాప్టర్లను పంపవద్దని సంయుక్త గారు ఉదయమే నివేదించారు. మధ్యాహ్నం దాకా మేఘం రాలేదు. కప్పు మీద వారు ఆకలితో అలాగే ఉండిపోయారు. ఆమె కూడా ఆ పూట అన్నం ముట్టలేదు.

సహాయకులైన బీరయ్య గారు నల్లకుంట వాసి. ఆమె మేలు కోరి, “మేడమ్, పరిస్థితులు మారినయని రాద్దమా? ఎవ్వరు అడగరు” అన్నారు.

“పరిస్థితులు మారలే బీరయ్యా. నేనే తప్పు చదివిన. గట్లనే రాస్త” అని, ఆ వాక్యాన్ని వాతావరణ నమోదు పుస్తకంలో స్వహస్తంతో రాసి సంతకం పెట్టారు.

అనంతరం మేఘాలు కమ్మడానికి ఇంకా రెండు గంటల వ్యవధి ఉందని ఆమె చెప్పగా హెలికాప్టర్ రెండుసార్లు వెళ్ళి ఇరవై ఇద్దరిని తెచ్చింది. మిగిలిన పన్నెండు మంది కోసం మూడోసారి బయలుదేరబోతుండగా, ఆ వ్యవధి ముగియవచ్చిందని ఆమె వద్దన్నారు.

“ఉదయం కూడా మీరు వద్దనే అన్నారు” అన్నారు స్థావరాధిపతి.

“అవును సర్. ఉదయం నేను పొరబడ్డాను. ఇప్పుడు కూడా వద్దనే అంటున్నాను.”

ఆ గదిలో ఎవరూ ఆమె వైపు చూడలేదు. స్థావరాధిపతి ప్రయాణాన్ని నిలిపివేశారు. అరగంటలో లోయ కనబడకుండా పోయింది. మరునాటి ఉదయం ఆకాశం తెరిపి ఇవ్వగానే ఆ పన్నెండు మందీ క్షేమంగా చేరారు. రెండవ మాట నిజమైనందుకు వచ్చిన ప్రశంసలకు ఆమె పెద్దగా స్పందించలేదు. మొదటి మాటకు ఆకలితో మూల్యం చెల్లించినవారిని చూడడానికి మాత్రం సహాయ శిబిరానికి వెళ్ళివచ్చారు.

తదుపరి కాలంలో గ్రూప్ కెప్టెన్ హోదాకు ఎదిగి, శిక్షణ విభాగానికి నేతృత్వం వహించిన ఆరేళ్ళలో, కొత్తగా చేరినవారికి మొట్టమొదట ఆమె చూపినది తన పొరపాటును నమోదు చేసిన ఆ పుటనే. భర్త జగన్మోహన్ గారు, కుమార్తె తన్మయి పదకొండు బదిలీలను ఓర్పుతో పంచుకున్నారు.

ఈ ఆగస్టు ముప్పై ఒకటిన పదవీ విరమణ చేసిన సంయుక్త గారు సంపూర్ణ ఆరోగ్యంతో, ఆత్మీయుల నడుమ దీర్ఘకాలం జీవించాలని, తన మాట మీద ఎవరి ప్రాణమూ ఆధారపడని ఉదయాలలో నిశ్చింతగా మేల్కొనాలని సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాము.