ఖాళీ కార్డు మీద వేలిముద్ర

నా పేరు, నాన్న పేరు, ఇంటి నంబరు మొదటి పేజీ పైన రాసుకున్నారు. వయసు ఇరవై మూడు. చదువు ఆటోమొబైల్ డిప్లొమా. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. కార్లకు టైర్లు, చక్రాలు బిగించే షాపులో పద్నాలుగు నెలలుగా పనిచేస్తున్నాను. ఏ కారుకు ఏ పని జరిగిందో జాబ్ కార్డు మీద రాయడం నా పని. అవసరమైతే పానా కూడా పడతాను. అదే షాపులో మా నాన్న పెద్ద ఫిట్టరు. ముప్ఫై ఒక్క ఏళ్ళ నుంచి ఉన్నారు. ఆయనకు చదవడం, రాయడం రాదు.

ఈ సంగతి చెప్పడం నాకు ఇది మూడోసారి. మొదటిసారి ఫోనులో చెప్పాను. రెండోసారి ఆసుపత్రి వరండాలో నిలబడి చెప్పాను. ఇప్పుడు స్టేషనులో కూర్చోమన్నారు కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

పదిహేడో తేదీ శనివారం ఉదయం పది ఇరవైకి ఫొటో స్టూడియో ఆయన తన తెల్ల కారు తెచ్చారు. వెనక సీట్లో నాలుగు అల్లాయ్ చక్రాలు, టైర్లతో సహా, పాత దుప్పట్లో చుట్టి ఉన్నాయి. మా దగ్గర కొన్నవి కావు. ఎవరో వాడి తీసేస్తే ముచ్చటపడి తెచ్చుకున్నానన్నారు. మధ్యాహ్నం ఫొటోలు తియ్యడానికి వెళ్ళాలి, ఆలోగా బిగించి ఇమ్మన్నారు.

పది యాభైకి నాన్న ముందు చక్రం ఒకటి పెట్టి చూశారు. చక్రం లోపల బ్రేకు పళ్ళెం ఉంటుంది. దాన్ని రెండు వైపులా పట్టుకునే ఇనుప దవడను కాలిపర్ అంటాం. కొత్త చక్రం ఆకులు ఆ కాలిపర్‌కు తగలకుండా తిరగాలి. కంటితో చూస్తే తెలియదు. నాన్న కాలిపర్ మీద బంకమట్టి ముద్ద అద్ది, చక్రం పెట్టి, చేత్తో ఒక చుట్టు తిప్పి, మళ్ళీ తీస్తారు. మట్టి ఎంత మందాన మిగిలితే అంత సందు ఉన్నట్టు. ఆ ముద్దను బ్లేడుతో కోసి నా చేతికి ఇస్తారు. నేను కొలిచి అంకె చెబుతాను. మూడు మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఆ రోజు మట్టి అసలు మిగల్లేదు. కింద ఇనుము కనిపించింది.

ఇవి ఈ కారువి కావని నాన్న చెప్పారు. స్టూడియో ఆయన ఒప్పుకోలేదు.

"గుండ్రంగానే ఉన్నాయి కదా పెద్దాయనా."

"చెప్పులన్నీ చెప్పుల్లాగే ఉంటాయి బాబూ. మన కాలు పట్టొద్దా?"

ఆయన కూడా నవ్వారు. ఓనరు గారు లోపలి నుంచి వచ్చి, స్పేసర్ పెట్టి చూడమన్నారు. స్పేసర్ అంటే చక్రం వెనక పెట్టే బిళ్ళ. అది ఐదు మిల్లీమీటర్ల మందం. దానివల్ల చక్రం ఆ మేరకు బయటికి జరుగుతుంది, కాలిపర్‌కు సందు వస్తుంది. కానీ చక్రాన్ని పట్టుకునే స్టడ్డులు, అంటే నట్లు ఎక్కే మర కడ్డీలు, పెరగవు కదా. బిళ్ళ తిన్నంత మేరా నట్టుకు పట్టు తగ్గుతుంది. అందుకని అలాంటప్పుడు పొడుగు స్టడ్డులు వెయ్యాలి.

నట్టు చేత్తో ఎక్కించేటప్పుడు నాన్న చుట్లు పైకి లెక్కపెడతారు. ఎనిమిది చుట్లు తిరగాలి. ఎనిమిదికి తగ్గితే ఆ చక్రాన్ని ఆయన నమ్మరు. షాపులో ఆయన్ని ఎనిమిది చుట్లాయన అని పిలుస్తారు. నా చిన్నప్పుడు తిననని మారాం చేస్తే ఎనిమిది ముద్దలు లెక్కపెట్టి పెట్టేవారు. ఇది మీకు అక్కర్లేకపోతే కొట్టేయండి.

పదకొండు నలభైకి స్పేసర్‌తో చూస్తే మట్టి నాలుగు మిల్లీమీటర్లు మిగిలింది. నేనే కొలిచాను. కార్డులో "సందు నాలుగు మి.మీ., సరిపోయింది" అని రాశాను. నట్టు ఎన్ని చుట్లు తిరిగిందో రాయడానికి కార్డులో గడి లేదు. ఆ కార్డు తయారుచేసింది నేనే. గడులు గీసిందీ నేనే.

నేను చేరక ముందు అక్కడ కార్డులు లేవు. నాన్న అంతా సుద్దముక్కతో టైరు మీదే రాసేవారు. నట్టు ఎన్ని చుట్లు తిరిగితే అన్ని నిలువు గీతలు. పని అయిపోతే సున్నా. కారు కదలకూడదంటే ఇంటూ గుర్తు. వచ్చిన కొత్తలో అది నాకు చిన్నతనంగా అనిపించింది. కార్డులు అచ్చు వేయించాను. ఓనరు గారు మెచ్చుకున్నారు. కార్డు కింద ఫిట్టరు వేలిముద్రకు చోటు పెట్టాను. పది గంటలకల్లా నాన్న చేతులు గ్రీజుతో నల్లబడతాయి. ముద్ర వేస్తే మచ్చలా పడేది, గీతలు కనిపించేవి కావు. అందుకని రోజూ ఉదయం తొమ్మిదికి, పని ముట్టుకోక ముందే, పది ఖాళీ కార్డుల మీద ఆయన చేత ముద్రలు వేయించేదాన్ని. ఆ ఏర్పాటు నాది. నాన్న వేలు తుడుచుకుంటూ, "ఇవాల్టి పది తప్పులూ ముందే ఒప్పేసుకున్నానమ్మా" అనేవారు. నేను నవ్వేదాన్ని.

ఆ రోజు కూడా తొమ్మిదికి వేశారు. కారు పది ఇరవైకి వచ్చింది.

వెనక చక్రాలు స్పేసర్ లేకుండానే పట్టాయి. పన్నెండు పదికి నాన్న స్పేసర్లతో రెండు ముందు చక్రాలూ పెట్టి, నట్లు చేత్తో ఎక్కించారు. ఐదున్నర చుట్లే తిరిగాయి. రెండు టైర్ల మీదా ఐదు గీతలు, ఒక సగం గీత గీసి, పక్కన ఇంటూ గుర్తు పెట్టారు. పొడుగు స్టడ్డులు తెస్తానని ఓనరు గారికి చెప్పారు. ఓనరు గారు ఫోనులో ఉండి చెయ్యి ఊపారు. పన్నెండున్నరకు నాన్న స్కూటరు మీద బజారుకు వెళ్ళారు. నాకు విడిగా ఏమీ చెప్పలేదు. చెప్పాలని ఆయనకు ఎందుకు అనిపిస్తుంది. టైరు మీద రాశారు కదా.

ఒంటిగంట ఇరవైకి స్టూడియో ఆయన తిరిగి వచ్చారు. టైర్లు మెరిసేలా చేసి ఇమ్మని ఓనరు గారు నాకు చెప్పారు. తడిగుడ్డతో తుడిచి పాలిష్ పట్టించాను. గీతలు చూశాను. లెక్కపెట్టలేదు. ఇంటూ గుర్తు చూశానా అని మీరు రెండుసార్లు అడిగారు. కుడి టైరు మీద గుర్తు కిందివైపు ఉంది, చూడలేదు. ఎడమ టైరు మీద పైనే ఉంది. చూసే ఉంటాను. సుద్ద అనుకున్నాను. తుడిచాను.

ఒంటిగంట ముప్ఫై ఐదుకు నట్లన్నీ టార్కు రెంచితో నేనే బిగించాను. ఆ రెంచి బిగువు చాలితే టిక్కుమంటుంది. లోపల ఎన్ని మరలు పట్టుకున్నాయో దానికి తెలియదు. అన్నీ టిక్కుమన్నాయి. ఓనరు గారు, "అమ్మాయ్, ఇచ్చేయొచ్చా?" అని అడిగారు. నేను చక్రం వైపు చూడలేదు. కార్డు వైపు చూశాను. గడులన్నీ నిండి ఉన్నాయి, కింద ముద్ర ఉంది.

"కార్డు పూర్తయిందండీ" అన్నాను.

ఒంటిగంట నలభై ఐదుకు కారు వెళ్ళింది.

రెండుంబావుకు నాన్న వచ్చారు. చేతిలో పది స్టడ్డులు, కాగితంలో చుట్టి ఉన్నాయి. ఖాళీగా ఉన్న చోటు చూసి నిలబడిపోయారు.

"బండేదమ్మా?"

"ఇచ్చేశాం నాన్నా."

"టైరు చూళ్ళేదా?"

"తుడిచాను."

ఆయన పొట్లం బల్ల మీద పెట్టి, ఫోను చెయ్యమన్నారు. నాలుగుసార్లు చేశాను. స్టూడియో ఆయన సామాను సర్దుకుని అప్పుడే కారు నడుపుతున్నారట, ఎత్తలేదు. నాన్న స్కూటరు తీసి వెతకడానికి వెళ్ళారు. రెండున్నరకు స్టూడియో ఆయనే ఫోను చేశారు. బడి దగ్గర మలుపులో ముందు కుడి చక్రం ఊడిపోయింది. కారు గోడకు రాసుకుని ఆగింది. చక్రం ఆగలేదు. రోడ్డు దాటి, కొట్టు ముందు కూర్చుని బొత్తాలు కుడుతున్న టైలరక్కను కొట్టింది. ఆమె కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది.

ఆసుపత్రిలో ఆమెను చూశాను. చక్రం బిగించింది నేనేనని చెప్పాను. ఆమె చాలాసేపు నా చేతుల వైపు చూసింది. "మిషను రెండు కాళ్ళతో తొక్కుతానమ్మా" అంది.

మర్నాడు ఓనరు గారు ఆ కార్డు మీకు ఇచ్చారు. ముద్ర వేసినవాడే జవాబు చెప్పాలన్నారని మీరు చెప్పారు. నిన్న నాలుగు గంటలకు నాన్న వాంగ్మూలం తీసుకున్నారు. అది ఈ ఉదయం నాకు చదివి వినిపించారు. "నేను చక్రాలు పరీక్షించి, కారు ఇవ్వవచ్చునని కార్డు మీద వేలిముద్ర వేశాను" అని అందులో ఉంది. అది నిజం కాదు. మా నాన్న అబద్ధం చెప్పే మనిషి కాదు. నా కోసం చెప్పారు. నిన్న ఉదయం ఆయన బయలుదేరేటప్పుడు కుళాయి దగ్గర మేం మాట్లాడుకున్నాం.

"ముద్ర తొమ్మిదికి వేశానని చెప్పు నాన్నా. అప్పటికి ఆ కారు రానేలేదు."

"చెబితే నీ పేరు బయటికొస్తుంది."

"రానీ."

"నీ పేరు మీద సర్టిఫికెట్లున్నాయమ్మా. నా పేరు మీద ఏముంది, గ్రీజు తప్ప."

సబ్బు నురగ మోచేతుల దాకా ఉంది. కడుక్కోవడం అయిపోయినా ఆయన కడుక్కుంటూనే ఉన్నారు.

రెండు వస్తువులు మీకు అప్పగిస్తున్నాను. ఒకటి స్టడ్డుల పొట్లం, దాని బిల్లు. బిల్లు మీద ఒంటిగంట యాభై రెండు అని సమయం ఉంది. కారు వెళ్ళిపోయిన ఏడు నిమిషాలకు మా నాన్న దాని కోసమే స్టడ్డులు కొంటున్నారు. ఇచ్చేయవచ్చని ముద్ర వేసిన మనిషి స్టడ్డులు ఎందుకు కొంటాడు. రెండోది, ఆ రోజు వాడకుండా మిగిలిన కార్డులు ఏడు. నా బల్ల సొరుగులోంచి తెచ్చాను. అన్నీ ఖాళీవి. ఏడింటి మీదా నాన్న వేలిముద్ర ఉంది. వాటి మీద ఇప్పుడు ఎవరు ఏం రాసినా మా నాన్న ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది.

ఇదంతా చెబితే కేసు నా మీదికి వస్తుందని తెలుసా అని అడిగారు. తెలుసు సార్. చదువుకున్నదానివి, ఆలోచించుకోమన్నారు. మూడు రోజులుగా అదే పని. నాన్న చెప్పమన్నారా అని అడిగారు. లేదు. ఆయన పక్క గదిలో బెంచీ మీద ఉన్నారు. దగ్గు వినిపిస్తోంది. నేను షాపులో ఉన్నానని అనుకుంటున్నారు.

ఒక్కటి అడుగుతున్నాను. నిన్నటి వాంగ్మూలం ఆయనకు మళ్ళీ ఒకసారి, మెల్లగా, చివరిదాకా చదివి వినిపించండి. ఈ ఖాళీ కార్డుల సంగతి, బిల్లు సంగతి కూడా చెప్పండి. ఆ తర్వాత ఆయన ఏం చెబితే అది రాసుకోండి. పద్నాలుగు నెలల్లో ఒక్క కార్డు కూడా నేను ఆయనకు చదివి వినిపించలేదు.

పైన ఉన్నది నేను చెప్పినదే. ఎవరి బలవంతమూ లేదు. నాలుగు పేజీలూ నేనే చదువుకున్నాను. మూడో పేజీలో "టైర్లు తుడిచేశారు" అని ఉంటే "నేను తుడిచాను" అని మార్పించి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. చివరి పేజీలో కింద సగం ఖాళీ మిగిలింది. సంతకం చేసే ముందు ఆ ఖాళీకి అడ్డంగా గీత కొట్టాను.

(సంతకం)
ఇరవయ్యో తేదీ, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు నలభై.