తవిటయ్య బావ ఓడ

ఏటే హిమబిందూ, పేపర్లో ఆ ఎర్ర బొమ్మేటి? నచ్చత్రమా? మనకి దగ్గర్లోదా? ఓర్నాయనో, అది మా తవిటయ్య బావదే! నవ్వకే. పేపరోడు ఇప్పుడు రాసేడు గానీ, మాం కంచరపాలెం నుంచి తొంబయ్యారులోనే బయల్దేరిపోనాం దానికాడికి.

బావ నీకు తెల్దు, నువ్వు పుట్టకముందే పోయేడు. స్టీల్ ప్లాంట్లో మా కొలిమికాడే పని. పొద్దుట షిఫ్టు బస్సెక్కడం పాపం, కిటికీ సీట్లో కూకుని కథ మొదలెట్టీసీవోడు. బస్సే ఓడంట, మాం నలబైమందిమీ అందులో పనోళ్ళం. డ్రైవర్ కామరాజైతే గాజువాక మలుపుకాడ "పట్టుకోండెహె, తోకసుక్క అడ్డొచ్చింది!" అని బ్రేకేసీవోడు. కేరేజీలన్నీ దొర్లిపోయీవి, నా పప్పుసారు దొరబాబు లాగుమీద! ఏటి సెప్తన్నాను... ఆఁ, నచ్చత్రం. అలా ఏడేళ్ళెల్లేం. "సల్లారబోయే నిప్పులా సిన్నగా, ఎర్రగా ఉందర్రా. దాని సుట్టూ ఓ బూమి. ఒకేపు ఎప్పుడూ పగలే, రెండోపు ఎప్పుడూ రాత్రే" అన్నాడు బావ. దొరబాబు లెగిసి నిలబడి, "పగలేపే దిగుదాం బావా, నైట్ షిఫ్టుండదు!" బస్సంతా ఈలలు. ఎనక సీట్లోంచి కన్నబాబు, "పొద్దే గుంకకపోతే డ్యూటీ ఎప్పుడు దిగుతావురా సన్నాసీ?" ఇంకేటుంది, యూనియన్ మీటింగే! అది తేలకముందే ఇంకో తగువు. ఓడకాడ ఒకడు కాపలా ఉండాలంట, ఎవుడూ ఒప్పుకోడు. అందరికీ దిగాలనే. ఈ గోలలో బావ రిటైరైపోనాడు, ఓడ పైనే ఉండిపోనాది. దండేసి పంపీసేం గానీ, ఏడేళ్ళొచ్చి దిగకండా పోడవేటని మనసొకటే పీకింది.

మర్నాడు బస్సెక్కితే కిటికీ సీట్లో బావ! సేతిలో కేరేజీ కూడాను. "మిమ్మల్ని దింపకండా ఎలా మానీత్తానురా?" అన్నాడు. ప్లాంటు గేటు రాగానే "దిగండర్రా, ఎర్రబూమి!" అని కేకేసేడు. నలబైమందిమీ గెంతులే గెంతులు, ఒళ్ళు దూదైపోనట్టు. గేటుకాడ సెక్యూరిటీవోడు నోరెల్లబెట్టీసేడు. నాను ఎనక్కి తిరిగి "దిగవేటి బావా?" అన్నాను. "నా గేటు పాసు నిన్ననే ఇచ్చీసేను కదరా శ్రీరామ్మూర్తీ. ఓడకాడ ఒకడుండాల కదా, నానుంటాన్లే, మీరెల్లండి" అన్నాడు. నవ్వుతానే అన్నాడే. నాకే ఏడుపొచ్చీసింది. బస్సు తిరిగెల్లిపోతంటే కిటికీలోంచి సెయ్యూపుతానే ఉన్నాడు.

ఏదీ, పేపరిటియ్యి. ఎంత దూరవని రాసేడే?... సర్లే, టీ పెట్టు.