పైన మనిద్దరం

అది కాదక్కా, పదకొండేళ్ళ పిల్ల ఏదో అడిగింది సరే, అంత మగాడు జవాబు చెప్పద్దూ? తినండంటూ తియ్యటి జెల్లో గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాడు మీ ఆయన! మీ ఆయనేంటిలే, మనాయన.

ఉండు, ముందు ఈ పూలు పెట్టనీ. పియొనీలు. పెరట్లో నువ్వు నాటినవే. ఖాళీ పీచ్ పళ్ళ డబ్బాకి వెండి కాగితం చుట్టి తెచ్చాను. పోయినవాళ్ళకి పూలు పెట్టే రోజు కదా, ఇవాళ ఊరంతా సమాధుల దగ్గరే ఉంది, అందుకే గొంతు తగ్గించి మాట్లాడుతున్నా. మొదటి పెళ్ళానికి రెండో పెళ్ళాం పూలు పెడుతోంది, కోలెట్ ఎంత మంచిదో అనుకుంటారు. అనుకోనీ.

పోయిన సోమవారం సంగతిది. ఎప్పట్లాగే భోజనాలయ్యాక అందరం కూర్చున్నాం. పాట పాడాం, ప్రార్థన చేశాం, తర్వాత పాఠం. వచ్చే శనివారం నాకూ మనాయన వెర్లన్‌కీ ఆలయంలో ముడి వేస్తారు కదా, అందుకని కుటుంబాలు చచ్చాక కూడా విడిపోవని పాఠం పెట్టుకున్నాడు. మా మామూలు పెళ్ళి చావుతో తెగిపోతుందిట. ఈ ముడి తెగదు. నీకు వేసింది తెగనట్టే.

మీ బ్రిన్లీ చెయ్యెత్తింది. "అయితే నాన్నకి పైన ఇద్దరు పెళ్ళాలా?"

"అబ్బే, అవన్నీ మన చర్చివాళ్ళు వందేళ్ళ కిందటే మానేశారమ్మా" అన్నాడాయన.

"మానేసింది కింద. పైన మానేశారా?"

వదలదే! నీ పోలికేనట. "మరి నువ్వు పోయి అమ్మ బతికుంటే, అమ్మకి ఇంకో ఆయనతో ముడి వేసేవాళ్ళా?" అంది. వెయ్యరు. బతికున్న ఆడదానికి ఒక్కటే ముడి. అది ఆ గదిలో అందరికీ తెలుసు.

చివరికి అత్తగారే అందుకుంది. "ఇలాంటివి నేను ఎప్పుడో అటకెక్కించేశానే తల్లీ. నువ్వూ ఎక్కించెయ్. దేవుడు చూసుకుంటాడు." అప్పుడొచ్చింది జెల్లో.

నేను గిన్నెలు తోముతుంటే పిల్ల వెనక నుంచి వచ్చి నడుం వాటేసుకుంది. "నాకు అమ్మా కావాలి, నువ్వూ కావాలి. కానీ అక్కడ అమ్మ ఉంటే నువ్వెక్కడుంటావు?" అంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమాను.

ఈ రాయే చూడు. నీ పేరు, పక్కన ఆయన పేరు, మధ్యన ఆలయం బొమ్మ. ఆయన పోయే తేదీకి చోటు కూడా వదిలారు. వెనక బ్రిన్లీ పేరు. నన్నెక్కడ పెడతారు? అడుగుదామనుకుని, మళ్ళీ భయమేసి ఊరుకున్నా. అడిగితే ఆయన చెప్పేస్తాడేమోనని భయం.

మా వాళ్ళలో ఒక కథ ఉంది. డెన్మార్క్ నుంచి ఈ లోయకొచ్చిన మా ముత్తవ్వ కిర్‌స్టీన్, తన చేతుల్తో రెండో పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని మొగుడి చేతిలో పెట్టిందట. మొదటావిడ ఒప్పుకోవాలి కదా, అప్పటి పద్ధతి అది. చుట్టాలందరం కలిసినప్పుడల్లా ఎంత భక్తో అని కళ్ళు తుడుచుకుంటాం. తర్వాత ఆవిడ ఇంటికొచ్చి పశువుల కొట్టంలో తలుపేసుకుని అరిచిందని మా పిన్ని నా ఒక్కదానికే చెప్పింది. ఆ ముక్క ఎవ్వరూ చెప్పరు.

కనీసం ఆవిణ్ణి అడిగారు. నిన్నెవరడిగారు? అందుకే నేనడుగుతున్నా. నీకిష్టమేనా అక్కా?

ఏం, పలకవే? పోనీ, నా సంగతి చెప్పనా? ముడి వేయించుకోకపోతే అక్కడ నేను ఒంటిదాన్ని. ఆయన ఉండడు, పిల్ల ఉండదు. వేయించుకుంటే ఎప్పటికీ రెండోదాన్ని. ఎప్పటికీ! ఇక్కడైతే ఎంత కష్టమైనా చావన్నా ఉంది, తప్పించుకోడానికి. అక్కడ అదీ లేదు. మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను గుమ్మం దగ్గర నిలబడి ఉంటాను, అలా నిలబడే ఉంటాను.

ఆయనకి చెబితే నా విశ్వాసం పోయిందంటాడు. బిషప్‌కి చెబితే ఆలయంలోకి రానివ్వడు, శనివారం ఆగిపోతుంది. అత్తగారికి చెబితే, ఇంకేముంది, అటక! నా అటక పట్టట్లేదు మొర్రో అంటే వినేవాళ్ళేరీ?

అదిగో, ఆయన కారు దగ్గర నుంచి చెయ్యూపుతున్నాడు. వస్తున్నా అని నేనూ ఊపాను. నవ్వానా? నవ్వే ఉంటాను.

ఇటు విను, తొందరగా చెప్పేస్తా. ఈ పొద్దున స్నానాలగదిలో గడియ పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. ధైర్యం ఇమ్మని అడుగుదామనే కూర్చున్నా, ఒట్టు. నోట్లోంచి వేరే మాటొచ్చింది. తండ్రీ, పైన ఏమీ లేకుండా చెయ్యి అన్నాను. ఎవ్వరూ ఉండకుండా చెయ్యి, మార్లా కూడా ఉండకూడదు అన్నాను. నీ పేరు పెట్టి మరీ అడిగానక్కా, ఆమెన్ కూడా అన్నాను.

అనేసి లేచాను. ఇంట్లో ఎవరి మొహం చూడాలన్నా భయమేసింది. పూలు కోసుకుని తిన్నగా నీ దగ్గరికే వచ్చేశాను. ఇది చెప్పుకోడానికి నువ్వు తప్ప నాకింకెవరున్నారు?