లోపలి గడియ

నా పేరు, నాన్న పేరు, ఇంటి నంబరు రైటర్ గారు పై గడుల్లో రాసుకున్నారు. నా వయసు ముప్పై మూడు. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడతాను. తొమ్మిదేళ్లుగా అక్కడే పని. ఏడో తరగతి వరకు చదివాను. ఈ రోజు శుక్రవారం, ఉదయం పదకొండు గంటలకు స్టేషన్‌లో ఎస్సై మేడమ్ అడగగా, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

నా భర్త లారీ డ్రైవర్. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. మాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి పదేళ్లు. తిన్న కంచం తీయలేదని నాన్నను కూడా నిలబెట్టి అడుగుతుంది కాబట్టి ఇంట్లో దాన్ని హెడ్మాస్టర్ అంటాం. చిన్నదానికి అయిదున్నర. దాన్ని బుడంకాయ అంటాం.

మేముండేది నాలుగంతస్తుల బిల్డింగు. మూడో అంతస్తులో మెట్లెక్కగానే ఎడమ వైపు తలుపు మాది. ఒక గది, వంటిల్లు, బాత్రూమ్. వీధి వైపు ఒక కిటికీ, దానికి ఇనుప చువ్వలు. రావడానికీ పోవడానికీ తలుపు ఒక్కటే. కింద పరుపుల షాపు ఉంది. మెట్ల కింద ఇస్త్రీ బల్ల ఉంది. ఆ ఇస్త్రీ చేసే ఆవిడకు అరవై దాటాయి. నేను పిన్నీ అంటాను, పిల్లలు అమ్మమ్మా అంటారు. మాకు ఆవిడతో చుట్టరికం ఏమీ లేదు.

పిల్లల బడి మూడున్నరకు వదులుతారు. ఇద్దరూ చెయ్యి పట్టుకుని నడిచి మూడు నలభై అయిదుకు ఇంటికి వస్తారు. నా షిఫ్టు ఆరుకు అయిపోతుంది. ఇల్లు చేరేసరికి ఆరు నలభై. మధ్యలో మూడు గంటలకు అయిదు నిమిషాలు తక్కువ. మీరు అడుగుతున్నది ఆ సమయం గురించే. నేనూ రోజూ దాని గురించే ఆలోచిస్తూ కుడతాను.

మొదట్లో తాళం లేదు. పెద్దది లోపల గడియ పెట్టుకునేది, అంతే. మూడు నెలల కిందట, ఒక మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు ఎవడో వచ్చి తలుపు కొట్టాడు. “పాపా, మీ అమ్మ చెయ్యి మెషిన్‌లో పడింది. ఆసుపత్రిలో ఉంది. నన్ను పంపింది, తొందరగా రండి” అన్నాడట. నా పేరు సరిగ్గా చెప్పాడట. పెద్దది గడియ తీసింది. చిన్నది చెప్పులు కూడా వేసుకుంది. అప్పుడే పై అంతస్తు వాళ్లు మెట్లు దిగుతుంటే, ఇల్లు పొరబడ్డానని వాడు వెళ్లిపోయాడు. నేను ఇంటికి వచ్చేసరికి చిన్నది ఇంకా చెప్పులు విప్పలేదు. ఎడమది కుడికాలికి వేసుకుంది.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి ఇదే స్టేషన్‌కు వచ్చాను. ఇదే బల్ల ముందు నిలబడ్డాను. అప్పుడు మేడమ్ లేరు, వేరే సారు ఉన్నారు. “ఏమీ జరగలేదు కదమ్మా. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకో” అన్నారు. జాగ్రత్తగా చూసుకున్నాను.

ఏం చేశానో చెబుతాను. నా భర్త ఒక పెద్ద తాళం తెచ్చాడు. పిల్లలు బడి నుంచి రాగానే పిన్ని పైకి వచ్చి బయట తాళం వేస్తుంది. ఒక తాళంచెవి ఆవిడ నడుముకు, ఒకటి నా దగ్గర. బయట తాళం చూస్తే ఇంట్లో ఎవరూ లేరనుకుని ఏ వెధవైనా పోతాడు, అదీ నా ఆలోచన. లోపల పెద్దది గడియ పెట్టుకోవాలి. స్టవ్ ముట్టకూడదు. కిటికీ దగ్గర నిలబడకూడదు. ఎవరు తలుపు కొట్టినా, ఎవరు పిలిచినా పలకకూడదు. తాళం వేసిన ఇంట్లోంచి గొంతు వినపడితే తాళం ఎందుకని చెప్పాను. నా గొంతు వింటే తప్ప గడియ తీయకూడదని చెప్పాను. “అమ్మమ్మ పిలిస్తే?” అని పెద్దది అడిగింది. “అమ్మమ్మ పిలిచినా సరే” అన్నాను. ఆవిడ మీద అనుమానంతో కాదు. వాడు మళ్లీ వచ్చి ఆవిడను నమ్మించి తీసుకొస్తాడేమోనని. వారం రోజులు నేనే బయట నిలబడి గొంతు మార్చి పిలిచి పరీక్ష పెట్టాను. ఒక్కసారి కూడా పలకలేదు. అది నా మాట విన్నది.

మేకల్ని కట్టేసినట్టు పిల్లల్ని కట్టేసి పోతుందని పై అంతస్తు ఆవిడ మీకు చెప్పినట్టు తెలిసింది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు.

నిన్న గురువారం, పిల్లలు మూడు నలభై అయిదుకే వచ్చారు. పిన్ని తాళం వేసి కిందికి దిగింది. నాలుగున్నరకు ఇస్త్రీ బట్టల మూట తీసుకుని రెండు వీధుల అవతల ఇచ్చి రావడానికి వెళ్లింది. పరుపుల షాపులో షట్టరు బాగుచేస్తున్నారు. నాలుగు యాభైకి వెల్డింగు నిప్పురవ్వ దూదిలో పడింది. పొగ మెట్ల మీదుగా పైకి ఎక్కింది. ఇదంతా నాకు తరువాత తెలిసింది. బిల్డింగులో వాళ్లు దిగిపోయారు. మొదటి అంతస్తులో అద్దెకున్నాయన ప్రతి తలుపూ కొట్టుకుంటూ పైకి వచ్చాడు. మా తలుపు మూడుసార్లు కొట్టి “ఎవరైనా ఉన్నారా?” అని అరిచాడు. బయట తాళం ఉంది, లోపల చప్పుడు లేదు. మూడో అంతస్తు ఖాళీ అని కిందికి వెళ్లి చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు. అది కూడా రాయండి.

ఆ సమయంలో పెద్దది తలుపు వెనకే నిలబడి ఉంది. చిన్నది ఏడవబోతే దాని నోరు చేత్తో మూసింది. తువ్వాలు తడిపి తలుపు కింద సందులో కుక్కింది. చెల్లెల్ని బాత్రూమ్‌లో కూర్చోబెట్టింది. పలకలేదు. అది నా మాట విన్నది.

పిన్ని అయిదుంబావుకు వీధి మలుపు తిరిగి పొగ చూసింది. “పిల్లలు పైనున్నారు, పిల్లలు పైనున్నారు” అని అరిచిందట. ఫైరింజన్ ఇంకా రాలేదు. జనం ఆపుతున్నా ఆగకుండా, ఇస్త్రీ నీళ్ల బకెట్‌లో రెండు దుప్పట్లు ముంచి నెత్తిన కప్పుకుని ఎక్కింది. తాళం తీసింది. తలుపు తెరుచుకోలేదు. లోపల గడియ ఉంది. “అమ్మమ్మనే తల్లీ, తియ్యమ్మా, చచ్చిపోతామే” అని తలుపు బాదింది. పెద్దది తీయలేదు. అప్పుడు పిన్ని నాకు ఫోన్ చేసింది.

మా ఫోన్లు పొద్దున్నే గేటు దగ్గర చెక్కపెట్టెలో పెట్టించుకుంటారు. ఆరు దాకా ఇవ్వరు. ఎవరి ఫోన్ మోగినా ముట్టకూడదని వాచ్‌మన్‌కు ఆర్డరు. ఆయన్ని అందరం మావయ్యా అంటాం. నా ఫోన్ వరసగా నాలుగుసార్లు మోగింది. అయిదోసారికి ఆయన పెట్టె తెరిచి, ఫోన్ పట్టుకుని, కుంటికాలితో కుట్టే హాలులోకి పరిగెత్తుకొచ్చాడు. అప్పుడు గోడ గడియారంలో అయిదు ఇరవై రెండు. నా సూది కింద సగం కుట్టిన కాలర్ ఉంది.

ఫోన్‌లో ముందు దగ్గు వినపడింది. తరువాత పిన్ని, “నువ్వు చెప్పవే, నువ్వు చెప్పు, నా మాట వినడం లేదు” అంది. ఏం జరిగిందని అడిగే లోపే ఫోన్‌ను తలుపుకు ఆనించినట్టుంది.

“తలుపు తియ్యమ్మా, అమ్మని” అన్నాను.

లోపలి నుంచి పెద్దదాని గొంతు సన్నగా వినపడింది. “నువ్వు నిజంగా అమ్మవేనా? ఫోన్‌లో ఎవరైనా మాట్లాడతారు కదా.”

“నేనేనమ్మా, నా బంగారం కదూ, తియ్యి.”

గడియ తీయలేదు. నేను దాన్ని ఎప్పుడూ బంగారం అని పిలవలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నూట ఇరవై మెషిన్ల మధ్య లేచి నిలబడి అరిచాను. “ఒసేయ్ హెడ్మాస్టరూ! తీస్తావా లేదా? ఇంటికొచ్చానంటే వీపు విమానం మోత మోగిపోద్ది!”

తరువాత అది చెల్లెలితో, “అమ్మేనే” అంది. గడియ తీసిన చప్పుడు వినపడింది. ఫోన్ ఆగిపోయింది.

మళ్లీ చేశాను, కలవలేదు. మళ్లీ చేశాను. సూపర్‌వైజర్‌తో ఇంటి దగ్గర మంటలు, పిల్లలు లోపలున్నారు, వెళ్లాలి అన్నాను. “అయ్యో, వెళ్లు. కానీ పాస్ లేకుండా గేటు తియ్యరుగా. ఆఫీసులో సంతకం పెట్టించుకో” అంది. ఆఫీసులో సంతకం పెట్టే సారు సీట్లో లేరు. టీకి వెళ్లారన్నారు. కుర్చీకి ఆయన కోటు వేలాడుతోంది. ఆ కోటు ముందు ఏడు నిమిషాలు నిలబడ్డాను. బల్ల మీద ఆయన పెన్ను ఉంది, పాసుల పుస్తకం ఉంది. సంతకం నేనే పెట్టేసుకుందామనుకున్నాను. కానీ తొమ్మిదేళ్లుగా ఆ బల్ల మీద వస్తువు నేను ముట్టుకోలేదు. నా చెయ్యి లేవలేదు. ఆ ఏడు నిమిషాలు నేను కూడా చెప్పిన మాట విన్నాను.

వాచ్‌మన్ మావయ్య వచ్చి నా రెక్క పట్టుకుని తీసుకెళ్లి చిన్న గేటు తెరిచాడు. “పోమ్మా, పో. వాళ్లకి నేను చెప్పుకుంటాలే” అన్నాడు. ఈ ఉదయం ఆయన్ని ఇక రావద్దన్నారని తెలిసింది. దీనికి కేసుతో సంబంధం లేదని మేడమ్ అన్నారు. రాయమని బతిమాలితే రాశారు.

ఆరు దాటి అయిదు నిమిషాలకు ఆటోలో వీధి చివర దిగాను. గడియ చప్పుడు విన్నప్పటి నుంచి అప్పటి వరకు నా పిల్లలు ఉన్నారో లేదో నాకు తెలియదు. ఫైరింజన్ అప్పటికే వచ్చి ఉంది. పిన్ని ఇద్దర్నీ తడి దుప్పట్లలో చుట్టి, గోడ పట్టుకుని దించుకొస్తూ మొదటి అంతస్తు మలుపులో పడిపోయిందట. ఫైరు వాళ్లు ముగ్గుర్నీ బయటికి లాగి ఆసుపత్రికి పంపారు.

ఆసుపత్రిలో చిన్నదానికి ముక్కు మీద మాస్కు పెట్టారు. రాత్రికి తీసేశారు. పెద్దదానికి దగ్గు తప్ప ఏమీ లేదు. పిన్నికి చెయ్యి విరిగింది, ఊపిరితిత్తుల్లోకి పొగ పోయింది. రెండు రోజులు గడవాలన్నారు. ఆవిడకు ఎవరూ లేరు. కాగితం మీద కూతురు అని నేనే సంతకం పెట్టాను. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను.

పెద్దది నన్ను చూసి ఏడవలేదు. మంచం మీద నిటారుగా కూర్చుని, “అమ్మమ్మ అన్నిసార్లు పిలిచింది. నేను తియ్యలేదు. నువ్వే కదమ్మా వద్దన్నావు?” అంది. అవునన్నాను. “మరి తియ్యాలా?” అంది. నేను దాని కాళ్ల మీది దుప్పటి సర్దాను. అప్పటి నుంచి అది నాతో మాట్లాడటం లేదు.

ఇకపై పిల్లలను లోపల ఉంచి బయట తాళం వేయనని రాసి ఇవ్వమన్నారు. ఇస్తాను. రేపు శనివారం, ఎల్లుండి ఆదివారం. సోమవారం మూడు నలభై అయిదుకు పిల్లలు ఇంటికి వస్తారు. పిన్ని ఆసుపత్రిలో ఉంటుంది. నా భర్త రేపు వచ్చి ఎల్లుండి రాత్రికే పోతాడు. బడిలో సాయంత్రం వరకు ఉంచుకోరు, అడిగాను. షిఫ్టు మార్చరు, అదీ అడిగాను. “మీ పిల్లలు ఎన్నింటికి వస్తారు మేడమ్?” అని అడిగాను. మేడమ్ రైటర్ గారిని తరువాతి ప్రశ్న అడగమన్నారు.

పైన రాసినది రైటర్ గారు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఇందులో అబద్ధం లేదు. ఒక్క మాట దగ్గర ఆపాను. నా మీద పెట్టిన కేసు కాగితంలో ‘పిల్లలను గదిలో బంధించి’ అని ఉంది. అది కొట్టేసి ‘దాచి’ అని రాయమన్నాను. చట్టంలో ఆ మాట లేదమ్మా అన్నారు. సరే, ఉన్నదే ఉంచండి అన్నాను.

(సంతకం)
కాలర్లు కుట్టే ఆమె, ఇద్దరు పిల్లల తల్లి