ఫోర్‌మన్ కుర్చీ

స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్, సెక్టర్ 4 క్వార్టర్‌లో గోపాలస్వామి, ఆయన కూతురు రోహిణి.

“ఫోర్‌మనట, ఫోర్‌మన్! ఆ సూర్యప్రకాష్‌గాడికి కోడిని కొయ్యడం రాదే రోహిణీ! మన సంఘంలో నా పక్కన కుర్చీ ఏసుకుని కూకున్నాడు.”

“అరే, మెల్లగా నాన్నా. పక్క క్వార్టర్‌వాళ్ళు వింటారు.”

“విననీ. ఆళ్ళకి మనది భజన సంఘమే కదా. క్యాంప్ 1 సందుల్లో చప్పుడు లేకుండా మనుషుల్ని చంపి, సంఘంలో అడుగునుండే ఖలాసీ నుంచి ఛార్జ్‌మన్, ఛార్జ్‌మన్ నుంచి ఫోర్‌మన్ అయ్యాన్నేను. ఆడేటి చేసాడు? ఒక్కడంటే ఒక్కణ్ణి చంపాడా?”

“రూల్ ఉంది కదా. ప్లాంటులో లాగే. తండ్రి సర్వీసులో ఉండగా పోతే పోస్టు పిల్లలకి.”

“ఏడిసింది రూలు! జాలిపడి పారేసిన పోస్టది. ఆ చక్రిగాడూ అంతే. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఆడు ఛార్జ్‌మన్! థూ!”

“మరి నాకో?”

“నీకేటి?”

“అదే... సంఘంలో నీ పోస్టు.”

“రేపు రిటైరైపోతున్నాను. రిటైరైతే పిల్లలకేటీ రాదు. అయినా నువ్వేటి చంపుతావే? బొద్దింకని చూసి మంచమెక్కీదానివి.”

“చిన్నప్పుడు.”

“ఇప్పుడు మాత్రం? ఖలాసీగా చేరమంటే మూతి ముడిచావు. సీధా ఫోర్‌మనే కావాలట! సిగ్గులేదూ?”

“కావాలి నాన్నా. ఆ కుర్చీయే కావాలి.”

“కలలో కూకో.”

“సూర్యప్రకాష్ భయ్యా వాళ్ళ నాన్న ఎలా పోయారు?”

“రామచంద్రరావా? గుండాగి పోనాడు. పాపం, రేపు రిటైర్మెంటనగా.”

“చక్రి వాళ్ళ నాన్న?”

“జగ్గయ్యా? మెట్ల మీంచి జారి పోనాడు. ఆడిది కూడా... ఆడిది కూడా రిటైర్మెంటు ముందురోజే.”

“సంఘం నిండా హంతకులే కదా. ఒక్కరికీ అనుమానం రాలేదా?”

“అనుమానమేటి? ఏటి మాటలే అవి?”

“మీరంతా నవ్వుకోడంలో ఉన్నారు. కోడిని కొయ్యడం రాదని, కళ్ళు తిరుగుతాయని.”

“ఆళ్ళు... కన్నతండ్రినా? ఛ! ఆళ్ళకంత పని రాదు.”

“ఎవరికీ తెలీకుండా చేసారంటే పని వచ్చినట్టే కదా.”

“నీకెవరు చెప్పారు?”

“సూర్యప్రకాష్ భయ్యా. అడిగితే నేర్పించాడు కూడా.”

“రోహిణీ... తలుపు గడియెందుకేసావు?”

“రేపైతే లాభం లేదు కదా నాన్నా.”